పైకప్పుకు మద్దతట!

వేసవి సెలవులకు నాగపూర్ నుంచి మనవడు వచ్చాడు. సివిల్ ఇంజనీరింగు రెండో ఏడు. బయట నలభై ఆరు డిగ్రీలు. చంద్రపూర్ ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. కూలర్ ముందు చాప పరుచుకుని బోర్లా పడుకున్నాడు. ఎదురుగా పుస్తకం తెరిచే ఉంది. కూలర్ గాలికి పేజీలు వాటంతటవే తిరుగుతున్నాయి, వీడు ఫోను తిప్పుతున్నాడు.

“ఏం చదువుతున్నవ్‌రా?” అన్నాను.

“బట్రెస్ గురించి తాతా.”

“అంటే ఏంది?”

ఫోనులో ఏదో నొక్కాడు. “సపోర్టింగ్ స్ట్రక్చర్.”

“తెలుగుల చెప్పు.”

మళ్లీ నొక్కాడు. “మద్దతు నిర్మాణం.”

“మరి రూఫ్ సపోర్ట్ అంటే?”

“పైకప్పు మద్దతు.”

పైకప్పుకు మద్దతట! “పైకప్పు ఏమన్న కార్పొరేషన్ ఎలక్షన్ల నిలబడ్డదారా, మద్దతియ్యనీకి?” అన్నాను. వాడు నవ్వాడు. వాడి నాయనమ్మ వంటింట్లోంచి “ఇగ మొదలైంది” అంది.

అవును, మొదలైంది. ఎందుకు మొదలవదు? వీడు అరసెకనులో నొక్కి పారేసిన ఆ బట్రెస్ అన్న మాటతో నాకు యాభై ఏళ్ల పాత లెక్క ఉంది. దాన్ని విరవకూడని చోట విరిచి చెవి పిండించుకున్నవాణ్ణి నేను.

మా రోజుల్లో ఒక ఇంగ్లీషు మాట చేతికొస్తే దాన్ని ముందు చూసేవాళ్లం. తిరగేసి చూసేవాళ్లం. ఎక్కడ విరుగుతుందో, ఎక్కడ విరగదో కనుక్కునేవాళ్లం. చదువుకున్నవాళ్లం కాబట్టి కాదు, సీసం అక్షరాలు పేర్చి పొట్ట పోసుకునేవాళ్లం కాబట్టి.

నాన్న కరీంనగర్ వైపు నుంచి ఇక్కడి బొగ్గు బావుల్లో పనికి వచ్చాడు. ఆయన వచ్చేనాటికి ఈ ఊరు ఇంకా చాందానే, చంద్రపూర్ కాలేదు. లాల్‌పేట్, బాబూపేట్ సందుల్లో అప్పుడూ తెలుగే, ఇప్పుడూ తెలుగే. అటు బల్లార్షా దాటి వర్ధా నది అవతలికి పోతే రాజురా. అది 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలో ఉండేది, 1959లో చాందా జిల్లాలో కలిసింది. చైత్రంలో మహాకాళి జాతరకు గోదావరి దాటి వచ్చే జనాన్ని చూస్తే ఇది ఏ రాష్ట్రమో మర్చిపోతాం. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బావిలో హిందీ, నోటీసు బోర్డు మీద ఇంగ్లీషు. నాలుగూ కలిపి నమిలేవాళ్లం, ఏదీ గొంతులో అడ్డం పడేది కాదు.

అంటే అసలే పడేది కాదని కాదు. నాన్న పని టింబర్‌మన్ పని. బొగ్గు తీసిన చోట పైబండ కిందికి రాకుండా కట్టె నిలబెట్టడం. కొత్తలో ఓ మరాఠీ సర్దారు కేక పెట్టాడట, “టేకూ లావా!” అని. మరాఠీలో టేకూ అంటే పోటు కర్ర, గోడకో కప్పుకో ఆనించేది. మనూరి నుంచి అప్పుడే దిగిన ఒకాయన పాపం టేకు దుంగ కోసం టింబర్ యార్డంతా వెతికి, “టేకు లేదు దొరా, వేరే కట్టె ఉన్నది” అని వచ్చి చెప్పాడట. నాన్న ఈ సంగతి చెప్పి చెప్పి నవ్వేవాడు. నాకు చాలా రోజుల తర్వాత తట్టింది, అందులో నవ్వే పాలు సగమేనని. పైన బండ జారుతుంటే కింద ఇద్దరు మనుషులు ఒక మాట దగ్గర ఆగిపోయారు.

నేను 1971లో, పదిహేడో ఏట, గాంధీ చౌక్ వెనక సందులో ఒక ప్రెస్సులో చేరాను. పేరు వద్దులెండి, ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. రెండు ట్రెడిల్ మిషన్లు, ఒక కటింగు మిషను, గోడ పొడుగునా కేసులు. ఇంగ్లీషుకు పైకేసు, కిందకేసు, అంతే. తెలుగుకు మాత్రం ఒత్తులకు వేరే, గుణింతాలకు వేరే, నిలబడి చేయి చాపితే అందనంత. మరాఠీ కేసు మధ్యరకం. మా ఫోర్‌మన్ వరంగల్లు మనిషి. అందరం మామా అనేవాళ్లం. ఆయనకు ఇంగ్లీషు మాట్లాడటం రాదు. చదవడం, విరవడం వచ్చు.

ఆ విరవడం ఏమిటో ఈ కాలంవాళ్లకు ఎలా చెప్పాలి? చేతిలో స్టిక్ ఉంటుంది, ఎడమ చేత్తో పట్టుకునే ఇనప పళ్లెం లాంటిది. అందులో లైను వెడల్పు బిగించి ఉంటుంది. అక్షరాలు ఒక్కోటీ తలకిందులుగా పేర్చుకుంటూ పోతాం. చివర మాట పట్టకపోతే రెండే దారులు. మాటల మధ్య స్పేసులు మార్చి సన్నవి పెట్టి ఇరికించాలి, లేదా మాటను విరిచి హైఫన్ పెట్టి మిగతాది కింది లైనులో వేయాలి. తెలుగుకు ఈ బాధ తక్కువ. మన అక్షరం ఒత్తుతో, గుణింతంతో సహా ఒక ముద్ద. ముద్ద చెడకుండా ఏ ముద్ద తర్వాతైనా లైను తెంపేయొచ్చు. పాత తెలుగు పుస్తకాలు చూడండి, గీత కూడా లేకుండా తెంపేసేవాళ్లు, చదివేవాడు ఎక్కడా తడుముకునేవాడు కాదు. ఇంగ్లీషు అలా కాదు. దానికి కీళ్లుంటాయి. కీలు దగ్గరే విరవాలి, ఎముక మీద విరిస్తే అవిటిదవుతుంది.

మామ మాకు నేర్పిన సూత్రాలు ఇప్పటికీ చెప్పగలను. ఒక్క పలుకు మాటను విరవొద్దు. ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలొద్దు. జంట హల్లుంటే సాధారణంగా జంట మధ్య విరువు: పిల్లర్ అయితే పీ ఐ ఎల్, గీత, ఎల్ ఏ ఆర్. సపోర్ట్ అయితే రెండు ‘పీ’ల నడుమ. మనిషి పేరు విరవొద్దు, పాపం. వరసగా మూడు లైన్ల చివర గీతలు రానియ్యొద్దు, నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. అనుమానం వస్తే డిక్షనరీ చూడు. మా దగ్గర అట్టలూడిన వెబ్‌స్టర్ ఉండేది. అందులో ప్రతి మాటకూ విరిచే చోట చుక్క ఉంటుంది. ఊళ్లో ఇంగ్లీషు సార్లు కొందరు అమెరికా చుక్కలు ఒప్పుకునేవారు కాదు. నాలెడ్జ్ అన్న మాటను అమెరికావాడు ‘ఎల్’ తర్వాత విరుస్తాడు, ఇంగ్లండువాడు ‘డబ్ల్యూ’ తర్వాతే విరవాలంటాడు. అమెరికావాడికి పలికే తీరు ముఖ్యం, ఇంగ్లండువాడికి మాట పుట్టిన తీరు ముఖ్యం. జ్ఞానాన్ని ఎక్కడ విరవాలో వాళ్లకే తేలలేదు, మాకేం తేలుతుంది. ఎవరు డబ్బులిస్తే వాళ్ల పద్ధతి.

అప్పుడే నాకు ఒకటి దొరికింది, ఎవరూ చెప్పకుండా. బరువు మోసే సామాన్ల పేర్లు ఇంగ్లీషులో చాలామటుకు విరగవు. ప్రాప్, పోస్ట్, బీమ్, స్ట్రట్, జాయిస్ట్, బ్రేస్, అన్నీ ఒక్క పలుకువి. లైను చివర వచ్చాయంటే ఉంటే మొత్తం ఉంటాయి, లేదంటే మొత్తం కింది లైనుకు దిగుతాయి. విరిగేవి డాబు మాటలు: పిల్-లర్, బట్-ట్రెస్, స్టాన్-చియన్, స్కాఫ్-ఫోల్డ్-ఇంగ్. ఈ మాట నాన్నకు చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “కట్టె ఇరుగుతదిరా. కాని ఇరిగే ముంగట అరుస్తది” అన్నాడు.

నాన్న చెప్పింది నిజం. కట్టె ప్రాప్ మీద బరువు పెరిగే కొద్దీ కిరకిరమంటుంది, పీచు చిట్లుతుంది, తలమీద పెట్టిన లిడ్ నలుగుతుంది. లిడ్ అంటే ప్రాప్‌కూ బండకూ మధ్య పెట్టే చెక్కముక్క. ఆ నలుగుడు చూసి, ఆ అరుపు విని మనిషి బయటపడేవాడు. పనిలోకి పోగానే కర్రతో పైబండను కొట్టి వినడం మొదటి పని. గట్టి బండ టంగుమంటుంది, విడిపోయిన బండ డొల్లగా డబ్బుమంటుంది. నాన్న ఇంట్లో కుండ కొనేటప్పుడు కూడా అదే చెవితో వినేవాడు. అమ్మ విసుక్కునేది.

ఓ ఆదివారం ఆయన ప్రెస్సుకు వచ్చాడు. మామ ఒక ఫారం బిగిస్తున్నాడు. ఇనప చట్రంలో అక్షరాల పేజీ, దాని చుట్టూ ఫర్నిచర్ అని కట్టె బద్దలు, ఆ బద్దలకూ చట్రానికీ నడుమ క్వాయిన్లు. క్వాయిన్ అంటే ఏటవాలు చీల, జంటగా ఎదురెదురు పెట్టి కొడితే బిగుసుకుంటుంది. గమ్మత్తేమిటంటే గోడ మూలన పేర్చే రాళ్లనూ ఇంగ్లీషులో అదే మాటతో పిలుస్తారు. మామ సుత్తితో కొట్టి, చట్రం ఒక అంచు కాస్త లేపి, వేళ్లతో అక్షరాలను నొక్కి చూశాడు, ఏదైనా కదులుతుందేమోనని. నాన్న దగ్గరికి వంగి, వేలి కణుపుతో ఫారం మీద టకటక కొట్టి విన్నాడు. “ఈ మూలకు లూజున్నది” అన్నాడు. ఉంది కూడా. మామ ఆ రోజు నుంచి నాన్నకు టీ చెప్పకుండా పంపింది లేదు.

ఇక నా చెవి సంగతి. ఒక స్కూలు సారు మన ఊరి కోట మీద చిన్న ఇంగ్లీషు పుస్తకం అచ్చుకిచ్చాడు. గోండు రాజు ఖాండక్యా బల్లాళ్ షా పేరు, జట్పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా అని నాలుగు దర్వాజాల పేర్లు, పదకొండు కిలోమీటర్ల గోడ, దర్వాజా మీద ఏనుగును అణచిన సింహం బొమ్మ, అన్నీ వరసగా రాశాడు. గోడల గురించిన పేరాలో బట్రెసెస్ అన్న మాట సరిగ్గా లైను చివర వచ్చి కూర్చుంది. పది అక్షరాలు. నాకు మిగిలింది అయిదు అక్షరాల చోటు. బీ యూ టీ టీ పెట్టి గీత పెడితే లైను నిండుగా, స్పేసు ముట్టుకోకుండా సరిపోయింది. నాకెంత సంబరమో. మిగతా ఆరూ కింది లైనులో వేశాను.

ప్రూఫు చూసి మామ నన్ను పిలిచి చెవి పట్టుకున్నాడు. “ఇదేందిరా? బట్ట్, గీత, రెసెస్? బట్ట్ అంటే బీడీ పీక. ఇంకో అర్థం కూడ ఉన్నది, పెద్దోళ్ల ముంగట అనొద్దు. రాజుగారి కోట గోడకు అది అంటించినవ్.”

“లైను నిండింది మామా.”

“లైను నిండుడు కాదు, మాట నిలవాలె. డిక్షనరీ తీయ్.”

తీశాను. చుక్క రెండు ‘టీ’ల మధ్య ఉంది. బట్-ట్రెస్. కింద అర్థం ఉంది, పక్కకు పొడుచుకొచ్చి గోడకు బలమిచ్చే కట్టడం అని. పుట్టుక కూడా ఉంది, పాత ఫ్రెంచిలో నెట్టడం అన్న మాట నుంచి వచ్చిందని. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. బలమిచ్చేది కింద ఉండాలి గాని పక్కన ఎందుకుంటుంది? నెట్టేది ఆపేదెలా అవుతుంది?

మామ మాటల్లో చెప్పలేదు. పెళ్లికార్డుల దళసరి కాగితంలోంచి జానెడు పట్టీ కోశాడు. దాన్ని వంచి రాతి బల్ల మీద కమాను లాగా నిలబెట్టాడు. చేయి తీయగానే రెండు కాళ్లూ అటూ ఇటూ జారి పట్టీ పడుకుండిపోయింది. మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ పడుకుంది. మూడోసారి రెండు కాళ్ల పక్కనా రెండు ఫర్నిచర్ ముక్కలు ఆనించాడు. కమాను నిలబడింది. దాని నెత్తిన ఖాళీ సిగరెట్టు పెట్టె పెట్టాడు. వంగింది గాని పడలేదు.

“కింది నుంచి ఎవడన్న మోస్తున్నడా?”

“లేదు.”

“కమాను బరువు కిందికే పోదు, పక్కకు కూడ పోతది. గోడను బయటికి నెడ్తది. బయటి నుంచి ఎదురు నెట్టేదే బట్రెస్. మోసేది స్తంభం, నెట్టేది బట్రెస్. ఇప్పుడు చెప్పు, దీన్ని తెలుగుల ఏమంటవ్?”

నేను ఆలోచించి “దన్ను” అన్నాను. మామ చెవి వదిలేశాడు. దన్నుగోడ. ఊతం కూడా కాదు. ఊతం కింది నుంచో చేతి కిందనో ఉంటుంది. దన్ను పక్క నుంచి, వెనక నుంచి. ఇల్లు కట్టుకున్న జాతికి ఇన్ని మాటలున్నాయి: నిట్టాడు, దూలం, వాసం, గుంజ, రాట, పోటు, ఊత, దన్ను, మోపు. ప్రతిదానికీ వేరే చోటు, వేరే బరువు. ఫోనుకు మాత్రం అన్నీ మద్దతే.

కథ అక్కడితో అవలేదు. మామ నన్ను వెంటబెట్టుకుని సాయంత్రం జట్పురా గేటు దాకా నడిపించాడు. గోడ వెంట గుండ్రంగా ముందుకొచ్చిన వాటిని చూపించి, “ఇవి ఏందిరా?” అన్నాడు. “బురుజులు.” “ఇవి గోడను నెడ్తున్నయా?” అప్పుడు వెలిగింది. బురుజు శత్రువును చూడటానికి, గోడ పొడుగునా పక్కల నుంచి కొట్టడానికి. దన్నుకు కాదు. సారు డాబుకు రాసిన మాట అది. మామ మర్నాడు వెళ్లి, వచ్చీరాని హిందీలో, “సార్, మన కోటకున్నవి బట్రెసులు కావు, బాస్టియన్లు” అని చెప్పాడు. సారు మంచివాడు, కొట్టేసి దిద్దాడు. కొత్త మాట అక్షరాలు తక్కువ, స్పేసులు సన్నవి పెడితే అదే లైనులో పట్టింది. విరవాల్సిన పనే లేకపోయింది.

ఇప్పుడైతే? రాసినవాడికి తెలియదు, అచ్చేసేవాడికి తెలియదు, ఇద్దరి మధ్యా మనిషే లేడు. తప్పు తిన్నగా ఫ్లెక్సీ ఎక్కి చౌరస్తాలో వేలాడుతుంది.

1973 మే 1న బొగ్గు గనులు జాతీయమయ్యాయి. మా ప్రెస్సుకు పండగే. హాజరు పట్టీలు, ల్యాంపు రూము రిజిస్టర్లు, జీతం చీటీలు, అన్నిటికీ తలకాయలు మార్చాం. 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వచ్చింది, మళ్లీ మార్చాం. ఆ రోజుల్లోనే ఒక గని నుంచి పైకప్పు జాగ్రత్తల నోటీసు వచ్చింది, ఇంగ్లీషు, హిందీ, తెలుగు మూడింటిలోనూ కావాలని. తెలుగు ఎవరో పండితుడి చేత రాయించారు. “ఆధారస్తంభముల మధ్య దూరము” అని ఏదో ఉంది. మామ నాన్నకు కబురు పెట్టాడు. నాన్న చదివించుకుని విని, “ఆధారస్తంభం అంటే గుళ్లె ఉంటది. మేం ప్రాప్ అంటం, చాక్ అంటం. ఊతం అని కూడ రాయకు, అది ముసలాయన చేతికట్టె” అన్నాడు. చాక్ అంటే దిమ్మెలను అడ్డం నిలువు పేర్చి కట్టే గూడు, ప్రాప్ ఒంటరి కట్టె. రెండూ ఒకటి కాదు. నోటీసులో చివరికి ప్రాప్, చాక్ అనే పడ్డాయి, తెలుగు అక్షరాల్లో. పండితుడికి కోపం వచ్చిందట. నాకు తెలిసినంతలో నేను పేర్చిన వాటిలో మంచి తెలుగు అదే.

అందుకని నేను ఇంగ్లీషు మాటల పగవాణ్ణి అనుకోకండి. సెంట్రింగ్ సంగతే చూడండి. స్లాబు వేయడానికి కింద పలకలు, బొంగులు, ఇప్పుడైతే ఇనప జాకీలు పెట్టేదాన్ని మన మేస్త్రీలు సెంట్రింగ్ అంటారు. అది కమాను కట్టేటప్పుడు కింద పెట్టే చెక్క చట్రానికి ఇంగ్లీషువాడి పాత మాట. పారిస్‌లో నోత్రదామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న తగలబడింది కదా, టీవీలో చూశాం. దానికి బయట గాలిలో వంతెనల్లా వంగి గోడను ఆపే ఎగిరే దన్నులున్నాయి. పైకప్పు కాలి బరువుల లెక్క తప్పితే ఆ దన్నులే ఎదురు తిరిగి గోడను లోపలికి నెడతాయేమో అని, వాటి కింద కట్టె చట్రాలు దూర్చారు. దన్నుకు ఊతం! ఆ చట్రాలే సెంట్రింగు. 2024 డిసెంబరులో చర్చి మళ్లీ తెరిచారు. మన బాబూపేట్ మేస్త్రీ నోట్లో నలిగే మాట అక్కడ ఆ పని చేసింది. ఏ పండితుడూ తెలుగులో పెట్టలేదు కాబట్టి బతికిపోయింది.

మనవడికి ఇదంతా చెబితే వాడు నా మీదికే ఎదురు బాణం వేశాడు. “విరవడం కూడా కంప్యూటరే చేస్తది తాతా.” ఫ్రాంక్ లియాంగ్ అని స్టాన్‌ఫర్డ్‌లో ఒకాయన 1983లో దీని మీదే థీసిస్ రాశాడట. థీసిస్ పేరులోనే మాటలను గీతలతో విరిచి పెట్టాడట. నవ్వొచ్చింది, మనవాడే అనిపించింది. అక్షరాల వరసలు చూసి విరిచే 4447 నమూనాలు తయారు చేశాడట. చిన్న డిక్షనరీలోని గీతల్లో 89 శాతం అవే పట్టేస్తాయట, తప్పులు దాదాపు లేకుండా.

“మిగతా పదకొండు?” అన్నాను.

“అక్కడ విరవదు, వదిలేస్తది.”

ఒప్పుకోవాలి, అది మంచి పద్ధతి. తెలియనిచోట చేయి పెట్టకపోవడం. నాకు పదిహేడో ఏట ఆ బుద్ధి ఉంటే చెవి మిగిలేది. కానీ ఆ యంత్రానికి బట్-ట్రెస్ అని విరవడం వచ్చుగాని గోడ చూపించడం రాదు. కోటకున్నవి బురుజులని సారుకు చెప్పడం రాదు. ఇక మన తెలుగు సంగతి చూస్తే, యంత్రం ఎక్కువగా మాట మాటకూ ఉన్న సందులోనే లైను తెంపుతుంది. మనవేమో సంధులతో పొడుగాటి మాటలు. లైనులో మూడు మాటలు, మధ్యలో బారెడు ఖాళీలు, పళ్లూడిన నోరులాగా. సీసం కాలంలో అలాంటి లైను పేర్చి ఉంటే మామ స్టిక్ బోర్లించి మళ్లీ పేర్పించేవాడు.

అప్పుడంతా బాగుండేదని అబద్ధం చెప్పను. సీసం దుమ్ము చేతులకు అంటుకుని, కడుక్కోకుండానే బీడీ వెలిగించేవాళ్లం. మామ చివరి రోజుల్లో చేతులు వణికేవి, ఎందుకో ఏ డాక్టరూ తేల్చలేదు. నాన్న దగ్గు గోడలకు వినిపించేది. గనుల్లో ఇప్పుడు కట్టె తగ్గింది. పైబండకు రంధ్రం వేసి, సిమెంటో రెసినో నింపి, ఇనప బోల్టు దిగేస్తారు. పొరలన్నీ కలిపి కుట్టేసినట్టు, బండే బండను మోస్తుంది. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు. మెచ్చుకుని, “మరి ఇది అరుస్తదా?” అని అడిగేవాడు.

కోటకు కూడా మంచి జరిగింది. మా రోజుల్లో ఆ గోడ మీద చెట్లు మొలిచి, వేళ్లు రాళ్లను విడదీస్తుంటే మేం బీడీలు కాల్చుకుంటూ చూశాం. ఊళ్లో ఎకో-ప్రో అనే సంస్థ కుర్రాళ్లు 2017లో చీపుర్లు, కత్తులు పట్టుకుని నెలల తరబడి శుభ్రం చేశారు. ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా చెప్పాడు. వాళ్లలో చాలామంది చేతుల్లో ఫోన్లే ఉంటాయి, నేను చూశాను. కాబట్టి ఫోను మీద నా కోపం మొత్తం ఫోనుదే కాదు.

ఇంత చెప్పాక మనవడు లేచి కూర్చున్నాడు. “పట్టీ ఎట్ల పెట్టిండు తాతా?” అన్నాడు. పాత పెళ్లికార్డు ఒకటి వెతికి ఇచ్చాను, ఇప్పటివి పల్చన, అదైతే గట్టిది. వాడు కత్తెరతో పట్టీ కోసి, వంచి, గచ్చు మీద పెట్టాడు. జారింది. ఒక పక్క తాగేసిన టీ గ్లాసు ఆనించాడు. రెండో పక్క జారింది. నా గ్లాసు కూడా లాక్కుని ఆనించాడు. నిలబడింది. నెత్తిన ఫోను పెట్టబోతే, “వద్దు, అగ్గిపెట్టె పెట్టు” అన్నాను. పెట్టాడు. నిలబడింది. వాడు చాప మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి, పట్టీ కింది నుంచి అవతలికి చూస్తున్నాడు. ఫోటో తీస్తాడేమో అనుకున్నాను, తీయలేదు.

“మరి దీన్ని రాస్తే ఎక్కడ విరవాలె?”

“నువ్వే చెప్పు.”

వాడు పెదవులు కదిలించాడు. “బట్...” అని ఆగాడు.

ఇంతలో వాళ్ల నాయనమ్మ వచ్చి, “గ్లాసులు ఎప్పటిసంది చూస్తున్న, ఈడున్నయా?” అని రెండూ తీసుకుపోయింది.